ఆరు ఆదివారాలు

నేను ఎదురుకాళ్లతో పుట్టాను. తల ముందు రావలసిన చోట కాళ్లు ముందు వచ్చాయి. మా అమ్మ చావు తప్పి బయటపడింది గానీ ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. నా కాళ్లు మాత్రం ఊరందరికీ పట్టాయి. ఎదురుకాళ్లతో పుట్టిన మనిషి కాలు తగిలితే నడుం నొప్పి పోతుందని మా వైపు నమ్మకం. తెలుగువాళ్లకూ ఉంది, మరాఠీవాళ్లకూ ఉంది. మరాఠీలో మాలాంటి వాళ్లను పాయాళు అంటారు. మా రాజురా తాలూకాను హైదరాబాదు రాష్ట్రం నుంచి తీసి బొంబాయి రాష్ట్రంలో కలిపిన ఏడాదే నేను పుట్టాను. "ముల్కు తిరగబడ్డ ఏడు, పిల్ల సుత తిరగబడ్డది" అని మా నాయనమ్మ నవ్వేది.

ఆ కాలు పెట్టడానికి నియమాలన్నీ నాయనమ్మే చెప్పింది. ఆదివారం పొద్దున, ఎండ ఎక్కకముందు, నొప్పి ఉన్న మనిషి పరగడుపున బోర్లా పడుకోవాలి. నేను ఎడమ కాలి మడమ నొప్పి ఉన్న చోట పెట్టి మూడు సార్లు నొక్కాలి. అట్లా మూడు ఆదివారాలు. నొప్పి మొండిదైతే ఇంకో మూడు. అయ్యాక ఆ మనిషి నాకు దండం పెట్టకూడదు, చేతిలో ఏమీ పెట్టకూడదు, ఇద్దరం ఒక్క మాట కూడా మాట్లాడకూడదు. లేచి దులుపుకుని పోవడమే.

నొప్పి ఎట్లా పోతుందో కూడా నాయనమ్మకు తెలుసు. కాలు పెట్టిన చోటి నుంచి తొడలోకి, తొడ నుంచి మోకాలికి, పిక్కకు, చివరికి వేళ్లలోంచి బయటికి పోతుంది. అందుకే నేను మడమ నొక్కుతుంటే పక్కన కూర్చుని "దిగుతున్నదా" అని అడిగేది. పాదాలు జుమ్మంటున్నాయని, తిమ్మిరిగా ఉందని ఎవరైనా చెబితే ఆమె మొహం వెలిగిపోయేది. "దిగుతున్నది, ఇగ పోతది" అనేది.

నేను మొదట కాలు పెట్టింది మా అన్న నడుం మీదే. నాకు నాలుగేళ్లు, వాడికి పది. జొన్న మూట ఎత్తబోయి నడుం పట్టేసింది. మూడో ఆదివారానికి లేచి పరుగెత్తాడు. పదేళ్ల పిల్లవాడి నడుం మూడు వారాల్లో దానంతటదే బాగుపడుతుందని ఇప్పుడు నాకు తెలుసు. వాడికి మాత్రం అది చెల్లెలి మహిమ. ఆ రోజు నుంచి ఊళ్లో ఎవరికి నడుం పట్టినా నన్ను భుజాన వేసుకుని వాళ్లింటికి తీసుకుపోయేవాడు. దించి, పక్కకు నిలబడి, చేతులు కట్టుకుని చూసేవాడు. నాకు తెలుగు అక్షరాలు నేర్పింది కూడా వాడే. బడంతా మరాఠీలో చదివి, మరాఠీలో పాఠాలు చెప్పి బతికిన దాన్ని ఇవాళ ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాస్తున్నానంటే వాడి చలవే.

పెద్దయ్యాక చంద్రపూర్‌లో టీచర్నయ్యాను. ఏడో తరగతికి సైన్సు. వెన్నెముక పాఠం వచ్చినప్పుడు బోర్డు మీద పూసలు గీసి, లోపల నాడులన్నీ కలిసి తాడులా ఎట్లా పోతాయో రంగు సుద్దతో చూపించేదాన్ని. మూఢనమ్మకాల పాఠం కూడా నేనే చెప్పేదాన్ని. ఆదివారం వచ్చిందంటే మా ఇంటి వరండాలో చాప పరిచి జనం వెన్ను మీద కాలు పెట్టేదాన్ని. తోటి టీచర్లు అడిగితే "పెద్దవాళ్ల నమ్మకం, కాదనలేక" అని నసిగేదాన్ని. అది అబద్ధం. నాకు ఇష్టం. పక్క వీధుల వాళ్లు నా గేటు ముందు నిలబడి, నేను టీ తాగి వచ్చేదాకా కాచుకోవడం నాకు ఇష్టం. బడిలో నన్ను అంతగా ఎవరూ కోరుకోలేదు.

అన్న బల్లార్పూర్ దగ్గర బొగ్గుగనిలో ముప్పై ఏళ్లు భూమి లోపల పనిచేశాడు. కొలువు దిగిపోయాక వదిన పుట్టిన ఊరికి, జివతి కొండల మీదికి వెళ్లి ఇంత పత్తి, ఇంత జొన్న వేసుకున్నాడు. ఆ ఊరు మాదంటే మాదని రెండు రాష్ట్రాలు కొట్టుకుంటాయి. ఊరికి రెండు బడులు, ఇంటికి రెండు రేషన్ కార్డులు, మనిషికి రెండు ఓట్లు. "నాకు రెండు సర్కార్లున్నయ్, ఒక్క రోడ్డు లేదు" అని నవ్వేవాడు. రోడ్డు లేకపోతే వాడికేం బెంగ లేదు. కొండ దిగాలన్నా ఎక్కాలన్నా నడకే. ఆటో ఎక్కడం రోగిష్టివాళ్ల పని అనేవాడు. బీడీ వెలిగించుకుని నడవడం మొదలుపెట్టాడంటే పక్కన ఎవరూ సాగలేకపోయేవారు.

తెలుగువాళ్ల రాష్ట్రం రెండుగా విడిపోయిన ఏడాది అది. నేను అప్పుడే రిటైరయ్యాను. మా ఆయన పోయి నాలుగేళ్లయింది, ఇంట్లో ఒక్కదాన్నే. వానలు మొదలైన రోజుల్లో ఒక శనివారం మధ్యాహ్నం అన్న, వదిన బస్సు దిగి ఇంటికి వచ్చారు.

"నడుం పట్టింది చెల్లె," అన్నాడు. "జర కాలు పెట్టు."

చూపించింది నడుం కాదు. రెక్కల ఎముకలకు కొంచెం కింద, వెన్ను నడి మధ్య. ఇంకొకటి కూడా చెప్పాడు. పడుకుంటే ఎక్కువవుతోందట. గోడకు ఆనుకుని కూర్చునే కునుకు తీస్తున్నాడట. నేను అన్నేళ్లలో ఎన్ని వెన్నుల మీద కాలు పెట్టానో లెక్క లేదు. పడుకుంటే హాయిగా ఉందన్నవాళ్లే అందరూ. పడుకుంటే ఎక్కువైందన్నవాళ్లు ఒక్కరూ లేరు. అది నాకు తట్టింది. తట్టి, ఊరుకున్నాను. దగ్గుతున్నాడు కూడా. గనిలో చేసినవాళ్లు దగ్గడం మాకు వింత కాదు.

మరునాడు చాప పరిచాను. వాడు చొక్కా విప్పి బోర్లా పడుకున్నాడు. అరవై నాలుగేళ్ల వీపు, చిక్కిపోయి ఉంది. మడమ పెట్టి మూడు సార్లు నొక్కాను. రెండోసారికి వాడి పిడికిళ్లు బిగుసుకున్నాయి. అయ్యాక నియమం ప్రకారం లేచి, దులుపుకుని, చొక్కా వేసుకున్నాడు. ఆ సాయంత్రం మెడికల్ షాపులో కొన్న మాత్ర వేసుకున్నాక కొంచెం నయమనిపించింది. ఆ ఘనత నా కాలికే పోయింది.

శనివారం వచ్చి సోమవారం కొండకు పోతూ మూడు ఆదివారాలు అయ్యాయి. తగ్గలేదు. "మొండి నొప్పి, ఇంకో మూడు చూద్దాం" అన్నాను. నేనే అన్నాను.

ఐదో ఆదివారం చాప మీద పడుకోబోతూ ఆగాడు. పాదాలకేసి చూసుకున్నాడు.

"దూది తొక్కినట్టున్నది చెల్లె. చెప్పులు ఉన్నయో పోయినయో సుత తెలుస్తలేదు."

నేను ఏమన్నానో నాకు బాగా గుర్తుంది. మర్చిపోదామన్నా మరుపు రాదు.

"దిగుతున్నదన్నా," అన్నాను. "ఇగ పోతది."

నాయనమ్మ మాట, నాయనమ్మ గొంతుతోనే వచ్చింది. వాడి మొహం విప్పారింది. నాడుల తాడును రంగు సుద్దతో గీసిన దాన్ని, అది ఎక్కడైనా నలిగితే కింద స్పర్శ పోతుందని ఏటేటా పిల్లలతో వల్లె వేయించిన దాన్ని. ఆ పూట ఆ పాఠం ఒక్క ముక్క గుర్తుకు రాలేదు. వచ్చి కూడా పక్కకు నెట్టానేమో, ఇప్పుడు ఏదీ గట్టిగా చెప్పలేను.

వదిన తలుపు దగ్గర నిలబడి ఉంది. ఆమె ఎక్కువ మాట్లాడే మనిషి కాదు.

"ఓసారి దవాఖానల సూపెడ్దమా," అంది. "రాత్రి లేసినప్పుడు తూలుతుండు."

"ఇంకొక్క ఆదివారం ఆగు వదినా," అన్నాను. నా గొంతులో విసుగు ఉంది. నా వరండాలో నిలబడి ఆమె దవాఖానా మాట ఎత్తడం నాకు చిన్నతనం అనిపించింది.

ఆరో ఆదివారానికి గోడ పట్టుకుని నడుస్తున్నాడు. బస్సు మెట్లు ఎక్కుతుంటే వదిన మోకాలి కింద చేయి పెట్టి కాలు పైకి లేపాల్సి వచ్చిందట. అది విని నేను మడమ ఇంకా గట్టిగా నొక్కాను. లేచేటప్పుడు చేయి ఇవ్వాల్సి వచ్చింది.

సోమవారం ఆస్పత్రికి పోదామని ఆ మధ్యాహ్నం నేనే అన్నాను. నిజమే, అన్నాను. కానీ గట్టిగా అనలేదు. వాడు ఒప్పుకోలేదు. మంగళవారం కొత్త రాష్ట్రం వాళ్లు ఇల్లిల్లూ తిరిగి మనుషుల లెక్క రాసుకుంటారట. ఆ రోజు ఇంట్లో మనిషి కనబడితేనే పేరు ఎక్కిస్తారట. కొండ మీది ఊళ్లన్నీ అదే ముచ్చట. ఎక్కడెక్కడో పనికి పోయిన వాళ్లంతా బస్సులు పట్టుకుని తిరిగి వస్తున్నారు.

"మనిషి ఎదురుంగ కూసోవాలెనంట. లేకుంటే లేనట్టే రాసుకుంటరు. బుధవారం మళ్ల అస్త, పోదాం."

సోమవారం పొద్దున బస్సు ఎక్కించాను. కండక్టరు, నేను, వదిన కలిసి ఎక్కించాం.

సోమవారం వాడు వదిన భుజం పట్టుకుని కొండ ఎక్కిన సంగతి, మంగళవారం సంగతి, రెండూ ఆమె చెప్పగా విన్నవే. పొద్దున్నే తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, గుమ్మం ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడట. వాళ్లు మధ్యాహ్నం దాటాక వచ్చారు. రెండు కార్డులూ చూశారు, పేర్లు రాసుకున్నారు, ద్వారబంధానికి ఒక కాగితం అతికించి పోయారు. వాళ్లు పోయాక టీ తాగుదామని లేవబోయాడు. కాళ్లు రాలేదు. మళ్లీ లేవబోయాడు. నడుం కింద అసలు తనది కానట్టు ఉంది. సాయంత్రానికి మూత్రం ఆగిపోయింది.

బుధవారం అంతా వాన. కొండ మీదికి బండి రాదు. నలుగురు మంచం మీద పడుకోబెట్టి మోసుకుంటూ తారురోడ్డు దాకా తెచ్చారు. అక్కడి నుంచి జీపు. రాజురా చేరేసరికి వార్ధా నది వంతెన మీద నీళ్లు పారుతున్నాయి. ఆ పూట అక్కడే ఒక చిన్న దవాఖానాలో మూత్రానికి గొట్టం వేసి ఉంచారు. గురువారం మధ్యాహ్నానికి దారి విడిచారు. నేను ఇవతలి ఒడ్డున పోలీసులు కట్టిన తాడు దగ్గర నిలబడి ఉన్నాను. జీపు దాటి వచ్చింది. వెనక సీట్ల మధ్య పరుపు మీద పడుకుని, నన్ను చూసి చేయి ఊపాడు.

చంద్రపూర్‌లో ఎముకల డాక్టరు తాళంచెవితో వాడి అరికాలు మీద గీశాడు. గుండుసూదితో పాదం నుంచి పైకి గుచ్చుకుంటూ వచ్చాడు. బొడ్డు దాకా వచ్చాక గానీ అన్న "ఆ" అనలేదు. వెంటనే స్కానింగుకు పంపాడు. ఫిల్ము వెలుతురుకు పెట్టి నన్ను ఒక్కదాన్నే లోపలికి పిలిచాడు. నేను టీచర్నని తెలిసి విడమరిచి చెప్పాడు. పూసలు మూడు చోట్ల తినేసి ఉన్నాయి. ఒక చోట గడ్డ లోపలికి పెరిగి తాడును నొక్కేస్తోంది. జబ్బు పుట్టింది ఇక్కడ కాదు, ఊపిరితిత్తిలో. ఎక్స్‌రేలో కుడి వైపు తెల్లగా, నిమ్మకాయంత కనిపిస్తోంది.

"నడక పోయి ఎన్నాళ్లయింది?"

"రెండు రోజులు."

"తిమ్మిర్లు ఎప్పటి నుంచి?"

వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. "పదకొండు రోజులు."

అతను ఆ లెక్క కాగితం మీద రాసుకున్నాడు. తర్వాత, వాపు తగ్గడానికి ఇంజెక్షను ఇస్తున్నానని, ఇవాళే నాగపూర్ వెళ్లాలని, అక్కడ వెన్నుకు కరెంటు పెడతారని చెప్పాడు. రేడియేషన్‌ను మా దగ్గర అందరూ కరెంటు అనే అంటారు. ఆపరేషన్ చేయడానికి వీల్లేదట, ఎముకలు ఇన్ని చోట్ల పోయాయి, ఊపిరితిత్తి తట్టుకోదు. "రేపు అనొద్దు. గంటలు లెక్క," అన్నాడు. పదకొండు రోజులు పారేసుకుని వచ్చిన దానితో గంటల లెక్క చెప్పాడు.

అంబులెన్సులో అన్న వెల్లకిలా పడుకుని పైకప్పు చూస్తున్నాడు. వరోరా దాటాక అడిగాడు.

"కరెంటు పెడితే కాళ్లు అస్తయంటనా?"

"వస్తయన్నా."

"నాకు గదొక్కటే కావాలె. జబ్బుదేముందే, ఎట్లయిన పోయేదే. నా కాళ్ల మీద నేను ఇంటికి పోవాలె. మంచం మీద తెచ్చిన్రు కిందికి, ఊరు ఊరంత సూసింది. గట్ల మళ్ల పోను."

వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను కిటికీలోంచి పత్తి చేలు చూస్తూ కూర్చున్నాను.

నాగపూర్‌లో మమ్మల్ని చూసిన డాక్టరమ్మ నా పాత విద్యార్థుల వయసుది. చకచకా నడుస్తుంది, చకచకా మాట్లాడుతుంది. చేరిన రోజే మిషను గదిలోకి తీసుకుపోయారు. దానికి ముందు ఇంకో బల్ల మీద పడుకోబెట్టి, ఎక్కడ పెట్టాలో చూసుకుని, వీపు మీద నీలం సిరాతో గీతలు గీశారు. ఆ గీతలు చెరగకూడదు, సబ్బు పెట్టొద్దు, తడిగుడ్డతో కూడా తుడవొద్దని చెప్పారు. వార్డులో పక్కకు తిప్పినప్పుడు చూశాను. రెక్కల కింద, వెన్ను నడి మధ్య, నిలువుగా ఒక డబ్బా. సరిగ్గా నా మడమ పెట్టిన చోటు. డబ్బా కూడా దాదాపు పాదమంతే ఉంది. నేను ఆ చోటు కళ్లు మూసుకుని కూడా పెట్టగలను, వాళ్లకు అన్ని మిషన్లు కావాల్సి వచ్చింది.

మొదటి రోజు గదిలోంచి బయటికి తెచ్చాక అడిగాను, నొప్పి పెట్టిందా అని.

"ఏం చెయ్యలే. ఊకె పండబెట్టిన్రు, ఏందో బుర్రుమన్నది, తీసిన్రు. నీ కాలంత జోరు లేదు చెల్లె."

వదిన నవ్వింది. ఆ ఆస్పత్రిలో ఆమె నవ్వడం అదొక్కసారే చూశాను. నేను వాడి దుప్పటి సర్దాను.

ఐదు రోజులు పెట్టాలన్నారు. మూడో రోజు వార్డు ముందు నడవాలో డాక్టరమ్మను ఆపాను. ఇంక ఆగలేకపోయాను. నా కాళ్ల సంగతి, పాయాళు సంగతి, ఆరు ఆదివారాల సంగతి మరాఠీలో మొత్తం చెప్పాను. ఆమెకు నవ్వు వస్తుందేమో అనుకున్నాను. రాలేదు.

"నేను తొక్కితే విరిగిందా?" అని అడిగాను.

"లేదు. ఎముకను జబ్బే తినేసింది. మీ కాలు మంచి చేయలేదు, అంతే. మీరు తొక్కకపోయినా ఇక్కడికే వచ్చేది."

ఒక్క క్షణం ఊపిరి ఆడింది. అక్కడితో ఆగిపోయి ఉంటే సరిపోయేది. నాకు ఆగడం తెలియదు.

"మరి దూది తొక్కినట్టుంది అన్న రోజే తెచ్చి ఉంటే?"

ఆమె చేతిలో కాగితాలు సర్దుకుంది. "ఆ రోజు ఆయన నడుస్తూ వచ్చేవారు," అంది. "నడుస్తూ వచ్చినవాళ్లు చాలామంది నడుస్తూనే వెళ్తారు. పడుకుని వచ్చినవాళ్లలో లేచేవాళ్లు చాలా తక్కువ. నొప్పి తగ్గించగలం. కాళ్ల మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు. మీరు టీచరు కాబట్టి సూటిగా చెబుతున్నాను."

టీచరునని అందరూ నాకు సూటిగానే చెప్పారు. మంచిదే. నేనే సూటిగా లేను. తిరిగి వార్డులోకి వెళ్లి, డాక్టరమ్మ ఏమందని వదిన అడిగితే "చూద్దాం అన్నది" అన్నాను. అన్న కళ్లు మూసుకుని ఉన్నాడు. వాడి మంచం తలుపు పక్కనే.

నాలుగో రోజు గొడవ. పొద్దున్నే వాడు కేక పెట్టాడు, కుడికాలి బొటనవేలు కదిలిందని. వదిన దుప్పటి తీసింది. ముగ్గురం ఆ వేలికేసి చూస్తూ కూర్చున్నాం. కదిలింది. వేలే కాదు, మోకాలు కూడా ఒక్కసారి ఎగిరిపడింది. వదిన రెండు చేతులూ జోడించింది. డాక్టరమ్మ వచ్చి చూసింది. వేలు పైకి ఉందా కిందికి ఉందా అని, కళ్లు మూయించి, పట్టుకుని అడిగింది. తప్పు చెప్పాడు. మళ్లీ అడిగింది. మళ్లీ తప్పు. అది కాలు తనంతట తాను ఎగరడం, మనిషి కదిపింది కాదు అని నాతో నెమ్మదిగా చెప్పింది. ఆ తర్వాత కూడా వాడు నర్సులకు, ఊడ్చే ఆమెకు, పక్క మంచం వాళ్లకు ఆ వేలును చూపిస్తూనే ఉన్నాడు. నేను వారించలేదు. వరండాలో వారించాల్సినప్పుడు నన్ను నేనే వారించుకోలేదు కదా.

నొప్పి తగ్గింది. అది మాత్రం ఒప్పుకోవాలి. ఐదో రోజుకు వెల్లకిలా పడుకుని హాయిగా నిద్రపోయాడు, రెండు నెలల తర్వాత. వదినకు అదే పెద్ద సంగతి. నాకు కోపం వచ్చింది. నేను అడిగింది నిద్ర కాదు, కాళ్లు.

ఊపిరితిత్తిలోంచి ముక్క తీసి పరీక్షకు పంపితే అనుకున్నదే వచ్చింది. మందులు ఎక్కిస్తే తట్టుకునే శక్తి ఒంట్లో లేదన్నారు. ఇంటికి తీసుకుపోండి అన్నారు. ఇల్లంటే ఏ ఇల్లు? కొండ మీదికి మంచం మీద తప్ప దారి లేదు, మంచం మీద వాడు పోడు. నా ఇంటికే తెచ్చాను. ముందు గదిలో కిటికీ పక్కన మంచం వేశాం. ఒరుసుకుపోకుండా రెండు గంటలకొకసారి దుంగలా ఒకేసారి పక్కకు తిప్పడం నర్సు నేర్పించింది. వదిన, నేను కలిసి తిప్పేవాళ్లం. తిప్పినప్పుడల్లా ఆ నీలం గీతలు కనిపించేవి. కడగొచ్చని చెప్పారు గానీ ఎవరం కడగలేదు.

"ఎప్పుడు పోదాం?" అని అడిగేవాడు మొదట్లో. తర్వాత అడగడం మానేశాడు. ద్వారబంధానికి అతికించిన కాగితం వానకు తడిసిపోలేదు కదా అని వదినను అడిగేవాడు. లేదని చెప్పేది. ఆమె కూడా నాతో పాటు ఇక్కడే ఉంది, ఆమెకెట్లా తెలుస్తుంది.

అట్లా నాలుగు ఆదివారాలు బతికాడు. నాలుగోది దాటలేదు. రెండో ఆదివారం సంగతి చెప్పి ఆపేస్తాను.

ఆ పొద్దున గేటు చప్పుడైంది. వెనక వీధిలో కూరగాయలు అమ్మే ఆమె, నడుం మీద చేయి పెట్టుకుని వంగి నిలబడి ఉంది. మా ఇంట్లో సంగతి ఆమెకు తెలియదు. రెండు వారాల నుంచి లేవలేకపోతున్నానని చెబుతూ, వరండాలో తనే చాప వెతుక్కుంటోంది.

"పాదాల్లో తిమ్మిరి ఉందా?" అన్నాను.

"కొంచెం ఉంది బాయీ. దిగుతున్నట్టుంది," అంది మరాఠీలో, నవ్వుతూ. ఆ మాట ఆమెకు చెప్పింది కూడా నేనే అయి ఉంటాను.

"ఇప్పుడే ఆస్పత్రికి పో. ఇవాళే పో."

"మీ దగ్గరే పోతుంది కదా, ఆస్పత్రి ఎందుకు?"

నేను గట్టిగా అరిచాను. ఏమని అరిచానో గుర్తు లేదు. ఆమె మొహం ముడుచుకుని గేటు తెరుచుకుని పోయింది. పోయింది ఆస్పత్రికో ఇంటికో తెలియదు. చాప చుట్టి, తీసుకుపోయి పెరట్లో పడేసి వచ్చాను.

లోపలికి వచ్చేసరికి అన్న నాకేసి చూస్తున్నాడు. వదిన స్నానానికి పోయింది.

"ఎందుకు ఎల్లగొట్టినవ్?"

"కాలు నొస్తుంది."

వాడు నా కాలికేసి చూశాడు. తిప్పే వేళయింది. నేను ఒక్కదాన్నే దిండు సాయంతో గోడవైపుకు తిప్పి, వీపు వెనక నిలబడ్డాను. మొహం కనబడకపోతే చెప్పడం తేలిక అనిపించింది.

"అన్నా, ఆ రోజు నువ్వు దూది తొక్కినట్టున్నది అన్నప్పుడు..."

"ఎర్కనే," అన్నాడు గోడకేసి చూస్తూ. "గా డాక్టరమ్మ నీతోని చెప్పినప్పుడు తలుపు తెరిచే ఉండె. ముప్పై ఏండ్లు మరాఠోళ్లతోని పనిజేసిన, నాకు మరాఠీ రాదా."

అంటే మూడో రోజు నుంచీ వాడికి తెలుసు. బొటనవేలు చూపించిన రోజున తెలుసు. ఇంటికి ఎప్పుడు పోదాం అని అడిగిన రోజుల్లోనూ తెలుసు.

"ఇయ్యాల ఆదివారమే గద," అన్నాడు. "నేనింకా ఏం తినలే. పెట్టు."

"వద్దన్నా."

"పెట్టు చెల్లె."

చెప్పు విడిచాను. మంచం అంచున కూర్చుని, ఎడమ కాలు ఎత్తి, మడమ ఆనించాను. నీలం గీతల మీద పెట్టడానికి ధైర్యం చాలలేదు. కింద, నడుం మీద పెట్టాను. చర్మం చల్లగా ఉంది. మెల్లగా ఒకసారి నొక్కాను. మళ్లీ నొక్కాను. మూడోసారి కూడా అయింది. కాలు తీయబుద్ధి కాక అట్లాగే ఉంచాను.

"పెట్టినవా?" అన్నాడు.

నా కాలు వాడి నడుం మీదే ఉంది.

"పెట్టిన," అన్నాను.

బయట ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. తర్వాత గోడకేసి చూస్తూనే అన్నాడు.

"దిగుతున్నది చెల్లె."

అయ్యాక మాట్లాడకూడదని నియమం. ఇద్దరం మాట్లాడలేదు.